పాత బజారు ఫైరాఫీసుని బైపాస్‌కి తీసుకెళ్తున్నారు, ఏం అడగాలి?

పాతబజారు_శ్రీను
ఫైరాఫీసుని మా బజారు నుంచి ఎత్తేసి బైపాస్ పక్కన కొత్తగా కడతారట. స్థలం చూశారు, కొలతలు తీసుకున్నారు, మట్టి పరీక్ష కూడా అయిందని మునిసిపల్ ఆఫీసులో తెలిసినాయన చెప్పాడు. బజార్లో ఒక్క మనిషిని కూడా అడగలేదు. ఊరి పేరు రాయట్లేదు. మా వాళ్లకు ఎలాగూ తెలుసు, మిగతావాళ్లు కోస్తాలో ఒక జిల్లా కేంద్రం అనుకోండి.

మా వీధి సంగతి చెప్తాను. కింద బట్టల కొట్లు, వెనక గోడౌన్లు, పైన కాపురాలు. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. తలమీద కరెంటు తీగలు, కేబుల్ తీగలు. పండగ ముందు గోడౌన్లో సరుకు సీలింగ్ దాకా ఉంటుంది. ఇప్పుడైతే ఫైరింజన్ గంట మా కొట్లోకి వినిపిస్తుంది. రేపు అది బైపాస్ నుంచి రావాలంటే మధ్యలో రైల్వే గేటు. గేటు పడితే ఎవరి దిక్కు?

అడిగితే "బిల్డింగు శిథిలమైంది" అంటున్నారు. శిథిలమైతే కూలగొట్టి అక్కడే కట్టొచ్చు కదా. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారికి అర్జీ ఇవ్వాలని వర్తక సంఘం అనుకుంటోంది. ఇలాంటిది మీ ఊళ్లో ఎక్కడైనా జరిగిందా? ఏం రాయాలి?

గోదారి_గాలి
అక్కడే కట్టమనండి, అంతే. ఊరి నడిబొడ్డున ఉండాల్సింది ఊరి బయటకు పోవడమేంటి. బస్టాండు పోయింది, కూరగాయల మార్కెట్టు పోయింది, ఇప్పుడు ఇది.

కాలనీ_సుధ
శ్రీను గారూ, ఆ "బైపాస్ పక్కన" అంటున్నది మా కాలనీయే. మీరు పోనివ్వం అంటున్నారు, మేము రానివ్వం అంటున్నాం. విచిత్రంగా ఉంది కానీ ఇద్దరం ఒకే అర్జీ పెట్టాల్సిన పరిస్థితి.

మాకున్న అభ్యంతరం వేరు. వాళ్లు కొలిచిన స్థలంలో సగం మా లేఅవుట్ పార్కు. సాయంత్రం పిల్లలు ఆడుకునేది అక్కడే, పెద్దవాళ్లు నడిచేది అక్కడే. ఎదురుగా స్కూలు. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ రోడ్డు నిండా స్కూలు ఆటోలు, సైకిళ్లు. అందులోంచి ఫైరింజన్ స్పీడుగా బయటకొస్తే? రాత్రి సైరన్ల సంగతి సరేసరి, మా అత్తగారు గుండె జబ్బు మనిషి.

బీటెక్_బుజ్జి
సైరన్ గురించి అయితే నాకు అర్థం కాలేదు మేడమ్. కార్తీక మాసంలో మైకులు, ఎలక్షన్లలో మైకులు, పెళ్లిళ్లలో డీజే. ఫైరింజన్ ఒక్కటే డిస్టర్బెన్సా?

కాలనీ_సుధ
బుజ్జీ, డీజే పెళ్లి రోజు మాత్రమే. ఇది రోజూ. అయినా నేను ముందు పార్కు గురించి రాశాను, మీరు సైరన్ ఒక్కటే పట్టుకున్నారు.

ఖాకీ_తాత
ఆ పాత స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. ఇద్దరికీ కోపం రావచ్చు, అయినా చెప్తాను.

ఆ బిల్డింగులో మనుషుల్ని ఉంచకూడదు. నేనున్నప్పుడే వాన పడితే వాచ్‌రూమ్‌లో రిజిస్టర్ల మీద పట్టా కప్పేవాళ్లం. స్లాబు పెచ్చులు ఊడి మంచాల మీద పడేవి. బండి నిలబెట్టే షెడ్డు పాత టాటా బండ్ల కొలతకు కట్టింది. ఇప్పుడొచ్చే బండి పొడవు ఎక్కువ, ఎత్తు ఎక్కువ. వెనక్కి పెట్టేటప్పుడు ఒక మనిషి దిగి చెయ్యి ఊపుతూ ఉంటే తప్ప లోపలికి పోదు. ఆడపిల్లలు ఉద్యోగానికి వస్తే వాళ్లకు గది కాదు కదా, బాత్రూమ్ కూడా లేదు.

అసలు కష్టం ఇంకోటి. గంట మోగిన నిమిషంలో మేము బండెక్కి కూర్చునేవాళ్లం. కానీ గేటు బయట తోపుడు బళ్లు, ఎదురుగా అడ్డంగా పెట్టిన మోటార్ సైకిళ్లు, సరుకు దింపుతున్న లారీ. సాయంత్రం పూట బజార్లోంచి మెయిన్ రోడ్డు ఎక్కడానికే నాలుగైదు నిమిషాలు పట్టేది. మీ బజారుకు మేము దగ్గరే శ్రీనూ, మిగతా ఊరికి దూరం. హౌసింగ్ బోర్డు వైపు పూరిళ్లు తగలబడితే మేము చేరేసరికి బూడిద. అప్పుడు జనం మమ్మల్ని తిట్టేవాళ్లు, రాళ్లు కూడా వేశారు.

పాతబజారు_శ్రీను
తాతగారూ, మీరు పెద్దవారు, మీ మాట కాదనను. కానీ తోపుడు బళ్లు అడ్డమైతే వాటిని తీయించాలి గానీ ఫైరాఫీసుని తీసేస్తారా?

పూలకొట్టు_మంగ
ఆ తోపుడు బళ్లలో ఒకటి మాది. మమ్మల్ని తీయించడం అందరికీ సులువే. గంట వినపడగానే ముందు బండి జరిపేది మేమే శ్రీను అన్నా. జరగనిది మీ కొట్ల ముందు పెట్టే కస్టమర్ల బళ్లు, తాళం వేసి పోతారు, ఎవరిదో తెలీదు.

రైల్వేగేట్_రమణ
మంగక్క నిజం చెప్పింది.

గేటు దగ్గరే మా ఇల్లు, కాబట్టి ఆ ముక్క నేను చెప్తా. మెయిన్ లైను. గూడ్సు, దాని వెనకే పాసింజరు, ఎదురుగా ఇంకో సూపర్‌ఫాస్టు ఉంటే గేటు ఒకసారి పడితే మూడూ పోయేదాకా ఎత్తరు. పక్కన అండర్‌పాస్ ఉందిగా అంటారు ఆఫీసర్లు. దానికి ఎత్తు అడ్డుకమ్మీ ఉంది, కారు, ఆటో, చిన్న వ్యాను పోతాయి, ఫైరింజన్ పోదు. వానాకాలం నడుం లోతు నీళ్లు, కారు కూడా పోదు. ఫ్లైఓవర్‌కి శంకుస్థాపన రాయి ఉంది, దాని మీద మా మేకలు పడుకుంటాయి.

బీటెక్_బుజ్జి
ఆ మేకల ఫోటో పెట్టండి అన్నా 😀

స్లాబ్_ఇంజినీర్
నేను స్ట్రక్చరల్ పని చేస్తాను. ఖాకీ తాతగారు చెప్పిన బిల్డింగు పరిస్థితి గురించి ఒక మాట.

ఫైరింజన్ ట్యాంకులో ఉండే 4,500 లీటర్ల నీళ్లంటేనే నాలుగున్నర టన్నులు. బండి, పంపు, నిచ్చెన, మనుషులు అన్నీ కలిపితే పదిహేను టన్నుల దాకా. రోజూ అంత బరువు ఎక్కి దిగే నేల, దాని పక్కన గోడలు, సముద్రపు ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇనుము. పెచ్చులు ఊడుతున్నాయంటే లోపల కమ్మీ ఉబ్బిందని అర్థం. పైన ప్లాస్టరింగ్ చేసి రంగు కొడితే కనిపించదు గానీ ఆగదు. రిపేరు కంటే కొత్తది కట్టడమే మేలు అని నేనూ అంటాను.

"అక్కడే కట్టండి" అంటే రెండు చూడాలి. కడుతున్నన్నాళ్లు బండ్లు ఎక్కడ ఉంటాయి? ఆ స్థలంలో కొత్త బండి తిరిగేంత జాగా ఉందా? కొత్త స్టేషన్ అంటే రెండు మూడు బండ్ల షెడ్డు, ముందు ఖాళీ జాగా, డ్రిల్ చేసుకునే చోటు, భూమిలో నీళ్ల ట్యాంకు, సిబ్బంది గదులు. పాత స్థలం ఎంతుంది?

ఖాకీ_తాత
మొత్తం కలిపి ఇరవై సెంట్లు. అందులో మూల మీద చింతచెట్టు, వెనక క్వార్టర్లు కూలిపోయిన జాగా. డ్రిల్ రోడ్డు మీదే చేసేవాళ్లం.

స్లాబ్_ఇంజినీర్
ఇరవై సెంట్లలో పూర్తి స్టేషన్ రాదు. ఒక బండి, ఒక గది అయితే హాయిగా వస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

హైదరాబాదీ_కిరణ్
స్టేషన్ దగ్గరుంటే చాలు అనుకునేవాళ్లు గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదం సంగతి ఒకసారి తలుచుకోండి. 2025 మే 18, ఆదివారం పొద్దున. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. చార్మినార్ పక్కన. మొఘల్‌పురా ఫైర్ స్టేషన్ అక్కడికి ఎంతో దూరం లేదు. 6.16కి ఫోన్ వచ్చింది, వెంటనే బండి కదిలిందని ఆఫీసర్లు చెప్పారు. కింద నగల కొట్లు, పైన కాపురం, లోపలికి సొరంగం లాంటి దారి, పైకి ఇరుకు మెట్లు. శ్రీను గారూ, మీరు మీ వీధి గురించి రాసింది చదువుతుంటే నాకు అదే కళ్ల ముందు కనిపించింది.

పాతబజారు_శ్రీను
అక్కడ బంధువులు ఆలస్యమైందని, వచ్చినవాళ్ల దగ్గర సరైన సామాను లేదని కూడా అన్నారు కదా కిరణ్ గారూ. నేనూ టీవీలో చూశాను. దగ్గరున్న చోటే అలా అయితే, దూరం పోతే ఇంకెంత? మీ ఉదాహరణ నా మాటకే బలం.

హైదరాబాదీ_కిరణ్
అన్నారు, నిజమే. ఆ కుటుంబం బాధ ముందు నేను వాదించను. నేను చెప్పేది, పొగ చంపింది అని. మా సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో 2023 మార్చి 16న పోయిన ఆరుగురూ పొగకే. మంటకు కాదు. బయట ఫైరింజన్లు నిలబడి ఉన్నాయి, పిల్లలు లోపలి నుంచి ఇళ్లకు ఫోన్లు చేశారు. అందరూ పాతికేళ్ల లోపు, జిల్లాల నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్లు. మెట్ల దారిలో సామాన్లు పెట్టకుండా ఉంటే, రెండో దారి తెరిచి ఉంటే బయటపడటానికి నాలుగు నిమిషాలు కలిసొచ్చేవి. మీరు స్టేషన్ కోసం అర్జీ పెట్టండి, దాంతోపాటు మీ వర్తక సంఘం ప్రతి కొట్టు వెనక తలుపు తాళం తీసి ఉందో లేదో చూడండి.

బెజవాడ_బాబి
మా దగ్గర 2020 ఆగస్టు 9న స్వర్ణ ప్యాలెస్‌లోనూ అంతే. కోవిడ్ సెంటర్ పెట్టిన హోటల్. తెల్లవారుజాము, రోడ్లు ఖాళీ, ఊరి మధ్యలో. అయినా పది మంది పోయారు.

గోదారి_గాలి
అంటే స్టేషన్ ఎక్కడున్నా ఒకటేనా? ఇదేం లాజిక్?

ప్లాన్_గీసే_వాణి
ఒకటే కాదు అండీ. ఒక్కొక్కటి విడదీసి చూస్తే తేలుతుంది. నేను టౌన్ ప్లానింగ్‌లో ఉన్నాను, వేరే జిల్లాలో.

కేంద్ర హోం శాఖ కింద ఉండే స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ పెట్టిన లెక్క ప్రకారం పట్టణాల్లో ఐదు నుంచి ఏడు నిమిషాల్లో, పల్లెల్లో ఇరవై నిమిషాల్లో బండి చేరాలి. మీరు అర్జీలో "దూరం" అని రాయకండి, "నిమిషాలు" అని రాయండి. నాలుగు కిలోమీటర్లు అంటే ఆఫీసర్ "బైపాస్ మీద నాలుగు నిమిషాలే" అని కొట్టిపారేస్తారు. సాయంత్రం ఆరున్నరకి, గేటు పడ్డప్పుడు, కొత్త స్థలం నుంచి బజారు చివరి సందు దాకా ఎన్ని నిమిషాలు అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. అలాగే పాత చోటు నుంచి హౌసింగ్ బోర్డుకి ఎన్ని నిమిషాలో కూడా వాళ్లు చెప్పాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తాతగారి మాటా నిలుస్తుంది, శ్రీను గారి మాటా నిలుస్తుంది.

సుధ గారూ, మీ పార్కు విషయం అన్నిటికంటే గట్టిది. లేఅవుట్‌లో పార్కుకని చూపించిన జాగా పార్కుగానే ఉండాలి. బెంగళూరులో పార్కు జాగాని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇస్తే కాలనీవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటారు. ఫైర్ స్టేషన్ ప్రజల అవసరమే, నర్సింగ్ హోమ్ లాంటిది కాదు, ఆ తేడా ఉంది. అయినా పక్కన ప్రభుత్వ జాగా ఉండగా పార్కు ముట్టుకోవాల్సిన పనేముంది? అప్రూవ్డ్ లేఅవుట్ ప్లాన్ కాపీ తీసుకుని, వాళ్లు కొలిచిన హద్దులు దాని మీద పెట్టి చూడండి.

కాలనీ_సుధ
చాలా థాంక్స్ వాణి గారూ. ప్లాన్ కాపీ మా సెక్రటరీ దగ్గర ఉంది. పార్కు వెనక పాత ఇరిగేషన్ గోడౌన్ల జాగా ఖాళీగానే ఉంది, దాని గేటు బైపాస్ సర్వీస్ రోడ్డు వైపు. అటు కడితే స్కూలు రోడ్డు సమస్యే ఉండదు. ఇది ఎవరికీ తట్టలేదా?

స్లాబ్_ఇంజినీర్
తట్టే ఉంటుంది. గోడౌన్లు వేరే శాఖవి, ఫైలు రెండు ఆఫీసులు తిరగాలి. పార్కు మునిసిపాలిటీ చేతిలో ఉంది. సులువు దారి పట్టారు.

లండన్_బావ
ఇక్కడ జరిగింది చెప్తాను, పనికొస్తుందేమో. 2014 జనవరి 9న లండన్‌లో ఒకే రోజు పది ఫైర్ స్టేషన్లు మూసేశారు. బోరిస్ జాన్సన్ మేయర్‌గా ఉన్నప్పుడు, ఖర్చు తగ్గించాలని. అందులో క్లర్కెన్‌వెల్ స్టేషన్ 1872 నాటిది. జనం వీధుల్లోకి వచ్చారు, కొన్ని బరోల (లండన్‌లోని పేటల) కౌన్సిళ్లు హైకోర్టుకి కూడా వెళ్లాయి, ఓడిపోయాయి. ఆ రోజు పొద్దున సిబ్బంది బయటకొస్తుంటే రోడ్డు మీద జనం చప్పట్లు కొట్టారు, చాలామంది ఏడ్చారు.

కానీ ఒక్కటి నచ్చింది. ఇక్కడ మొదటి బండి సగటున ఆరు నిమిషాల్లో, రెండోది ఎనిమిది నిమిషాల్లో రావాలని లెక్క రాసిపెట్టుకున్నారు. మూసే ముందు ఏ పేటకి ఎన్ని సెకన్లు పెరుగుతుందో లెక్క బయట పెట్టారు. జనం ఒప్పుకోలేదు, అది వేరే. కనీసం ఏ అంకె మీద కొట్లాడుతున్నామో అందరికీ తెలుసు. వాణి గారు చెప్పింది అదే, అంకె అడగండి.

గోదారి_గాలి
బావా, అంకె అడిగి వాళ్లు ఓడిపోయారుగా మరి.

లండన్_బావ
అక్కడ మూసేశారు గాలీ. మీ దగ్గర కొత్తది కడుతున్నారు. తేడా లేదా?

ఖాకీ_తాత
బావ మాట బాగుంది. డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. 2023లో కేంద్రం ఫైర్ సర్వీసుల కోసం ఐదు వేల కోట్ల పథకం పెట్టింది, రాష్ట్రం తన వాటా కలపాలి. ఇప్పుడు కొత్త స్టేషన్లు, కొత్త బండ్లు అంటున్నది చాలాచోట్ల ఆ డబ్బు చూసుకునే. మా రోజుల్లో హోస్ పైపుకి చిల్లు పడితే కట్టు కట్టి వాడేవాళ్లం. "వద్దు" అని గట్టిగా అంటే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది, మనకి పాత షెడ్డే మిగులుతుంది. అది మాత్రం జరగనివ్వొద్దు, మీ ఇద్దరికీ దండం పెడతాను.

పాతబజారు_శ్రీను
మరి మా బజారు సంగతి? బూడిదైన తర్వాత కొత్త బిల్డింగు చూసుకుని మురిసిపోవాలా?

ఖాకీ_తాత
అది కాదు బాబూ. ఇంజినీర్ గారు ఇందాక ఒక మాట అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై సెంట్లలో ఒక బండి, ఒక గది వస్తుంది. అదే అడగండి. పెద్ద స్టేషన్ బైపాస్‌కి పోనివ్వండి, పాత చోట ఔట్‌పోస్ట్ ఉంచమనండి. మీ సందుల్లోకి వాటర్ టెండర్, అంటే నీళ్ల ట్యాంకున్న పెద్ద ఫైరింజన్, ఎలాగూ రాదు. నేను నడిపించినవాణ్ని, నాకు తెలుసు. బజారు మొదట్లో బండి ఆపి, పైపు మీద పైపు తగిలించుకుంటూ పరిగెత్తేవాళ్లం. మీకు కావలసింది చిన్న మిస్ట్ బండి. నీళ్లు తక్కువ పడతాయి గానీ సందులోకి దూరుతుంది, తుంపరలుగా కొడుతుంది కాబట్టి ఆ కొంచెం నీళ్లే చాలాసేపు ఆడతాయి. బుల్లెట్ మోటార్ సైకిల్‌కి ట్యాంకు కట్టినవి కూడా ఉన్నాయి. షార్ట్ సర్క్యూట్ లాంటిది మొదట్లోనే దొరికితే నలుగురు మనుషులు, ఒక చిన్న బండి ఆపేస్తారు. పెద్ద బండి వచ్చేలోగా పైనున్న వాళ్లని దించొచ్చు. నిలబెట్టాల్సింది ఆ మొదటి ఐదు నిమిషాలు.

రైల్వేగేట్_రమణ
ఇది బాగుంది. గేటు ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి.

హైదరాబాదీ_కిరణ్
+1. పాత బస్తీ లాంటి చోట్ల చిన్న బండి లేకుండా పనవ్వదు.

గోదారి_గాలి
ఔట్‌పోస్ట్ అంటారు, ఆరు నెలలు మనుషుల్ని వేస్తారు, తర్వాత "స్టాఫ్ కొరత" అని ఎత్తేస్తారు. ఆ ఇరవై సెంట్లలో షాపింగ్ కాంప్లెక్స్ లేస్తుంది. రాసిపెట్టుకోండి.

పాతబజారు_శ్రీను
గాలి గారి భయమే నాదీ. ఆ స్థలం మెయిన్ బజారు ఫేసింగ్. దాని మీద చాలామందికి కన్నుంది.

ప్లాన్_గీసే_వాణి
సహేతుకమైన భయమే. అందుకే అర్జీలో మాటలు జాగ్రత్తగా రాయండి. "ఔట్‌పోస్ట్ పెట్టే అవకాశం పరిశీలించగలరు" అని రాస్తే పరిశీలించి పక్కన పెడతారు. కొత్త స్టేషన్ మంజూరు ఉత్తర్వులోనే ఔట్‌పోస్టూ, దానికి పోస్టులూ, బండీ పేర్కొనాలి అనండి. పాత స్థలం ఫైర్ శాఖ పేరు మీదే ఉండాలని, ఔట్‌పోస్ట్ మొదలయ్యేదాకా పాత చోటు నుంచి బండి కదలకూడదని అడగండి. ఆ చివరిది మర్చిపోవద్దు.

పూలకొట్టు_మంగ
బజార్లో ఫైరాఫీసు గేటు ముందు పసుపు గీత గీసి "బళ్లు పెట్టరాదు" అని బోర్డు పెట్టమని కూడా రాయండి. మా తోపుడు బళ్లకి పక్క సందులో చోటు చూపించమని రాయండి. మమ్మల్ని వదిలేసి రాయకండి అన్నా.

పాతబజారు_శ్రీను
రాస్తాను మంగా. సంఘం మీటింగ్‌కి నువ్వూ రా, నువ్వే చెప్పు.

బీటెక్_బుజ్జి
నేనూ మా ఫ్రెండ్సూ ఒక పని చేశాం. శనివారం సాయంత్రం కారులో కొత్త స్థలం నుంచి బజారు చివర ఉన్న రామాలయం దాకా వెళ్లాం. గేటు తెరిచి ఉంటే పన్నెండు నిమిషాలు. గేటు పడ్డాక ఇరవై దాటింది. రివర్సులో పాత ఫైరాఫీసు నుంచి హౌసింగ్ బోర్డు వాటర్ ట్యాంకు దాకా పదిహేను. తాతగారు చెప్పినట్టే, అందులో సగం టైమ్ బజారు దాటడానికే పోయింది. కొత్త స్థలం నుంచి హౌసింగ్ బోర్డు నాలుగు నిమిషాలు. వీడియో తీశాం, టైమ్ కనిపిస్తుంది.

ప్లాన్_గీసే_వాణి
శభాష్ బుజ్జీ! ఇది అర్జీకి జత చేయండి. సైరన్ ఉన్న బండికి కొంత దారి ఇస్తారు కాబట్టి ఆఫీసర్లు ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు "అయితే మీ బండితోనే పరీక్ష పెట్టండి" అనండి. సంత రోజు సాయంత్రం పెట్టమనండి, ఆదివారం మధ్యాహ్నం కాదు.

కాలనీ_సుధ
బుజ్జి వీడియో చూశాను. హౌసింగ్ బోర్డులో మా పనిమనిషి వాళ్ల ఇల్లు ఉంది, తాటాకు కప్పు. పదిహేను నిమిషాలకి నాలుగు నిమిషాలకి తేడా ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా కాలనీ మీటింగ్‌లో నిన్న చెప్పాను, పార్కు ఇవ్వం, గోడౌన్ల జాగా తీసుకుంటే స్వాగతం అని. కొందరు ఇంకా సైరన్ గురించే మాట్లాడుతున్నారు. తాతగారూ, అర్ధరాత్రి రోడ్డు ఖాళీగా ఉన్నా సైరన్ వేయాల్సిందేనా?

ఖాకీ_తాత
ఖాళీ రోడ్డు మీద లైటు చాలమ్మా. మేమైతే గేటు దగ్గర ఒకసారి మోగించి, జంక్షన్‌లో మళ్లీ మోగించేవాళ్లం. స్టేషన్ ఆఫీసర్‌తో కూర్చుని మాట్లాడుకుంటే అయిపోయేదే. మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది పోయిన రోజు గుర్తుగా. అప్పుడు మీ స్కూలు పిల్లల్ని స్టేషన్‌కి తీసుకురండి. బండెక్కిస్తే ఆ పిల్లలు సైరన్ ఇంకోసారి మోగించమని అడుగుతారు, చూడండి.

గోదారి_గాలి
సరే, ఔట్‌పోస్ట్ మాటకి నేనూ సంతకం పెడతా. కానీ నా అనుమానం నాకుంది, అది పోలేదు.

స్లాబ్_ఇంజినీర్
శ్రీను గారూ, ఇంకోటి కలపండి. బజార్లో భూమిలో నీళ్ల ట్యాంకు. 4,500 లీటర్లు అంటే ఒక పైపు పూర్తిగా తెరిస్తే పది నిమిషాలు ఆడితే గొప్ప. మళ్లీ నింపుకోవడానికి బండి గేటు దాటి బైపాస్‌కి పోకూడదు. పాత స్థలంలో ట్యాంకు ఇప్పటికే ఉంటే దాన్ని పూడ్చొద్దని రాయండి.

ఖాకీ_తాత
ఉంది. క్వార్టర్ల వెనక. బోరు కూడా పనిచేస్తోంది.

పాతబజారు_శ్రీను
అందరివీ కలిపి రాశాను, చూసి చెప్పండి.

కొత్త స్టేషన్‌కి మేము వ్యతిరేకం కాదు. అది పార్కులో కాకుండా గోడౌన్ల జాగాలో, సర్వీస్ రోడ్డు గేటుతో కట్టాలి. పాత చోట చిన్న బండి, సిబ్బందితో ఔట్‌పోస్ట్ అదే ఉత్తర్వులో మంజూరు చేయాలి, అది మొదలయ్యేదాకా ఇప్పుడున్న బండి కదలకూడదు. నీళ్ల ట్యాంకు, బోరు ఉంచాలి. బజార్లో ఫైరాఫీసు గేటు ముందు పార్కింగ్ నిషేధం, తోపుడు బళ్లకి పక్క సందులో చోటు. సంత రోజు సాయంత్రం ఫైర్ బండితో టైమ్ పరీక్ష, దానికి బజారు నుంచీ కాలనీ నుంచీ ఇద్దరేసి మనుషులు. వర్తక సంఘం తన వంతుగా కొట్ల వెనక తలుపులు, మెట్ల దారులు ఖాళీ చేయిస్తుంది. ఈ చివరి ముక్క మీద మీటింగ్‌లో పెద్ద గొడవ జరిగింది, అయినా పెట్టించాను.

హైదరాబాదీ_కిరణ్
చివరి ముక్కకి చేతులెత్తి మొక్కుతున్నా అన్నా.

ప్లాన్_గీసే_వాణి
బాగుంది. కాపీ జిల్లా అగ్నిమాపక అధికారికి, మునిసిపల్ కమిషనర్‌కి కూడా ఇవ్వండి. రసీదు తీసుకోండి, నంబరు ఇక్కడ పెట్టండి.

రైల్వేగేట్_రమణ
ఫ్లైఓవర్ మాట లేదేంటి?

పాతబజారు_శ్రీను
దానికి వేరే అర్జీ రమణా, రైల్వేవాళ్లకి. అది నువ్వు రాయి, మేమంతా సంతకాలు పెడతాం. సోమవారం పది గంటలకి కలెక్టరేట్ దగ్గర కలుద్దాం. సుధ గారూ, మీ కాలనీ నుంచి ఎంతమంది వస్తారు?

కాలనీ_సుధ
ఆరుగురం ఖాయం. సెక్రటరీ గారు లేఅవుట్ ప్లాన్ తెస్తారు. తాతగారిని ఎవరు తీసుకొస్తున్నారు?

బీటెక్_బుజ్జి
నేను. బండి రెడీ.